సత్తయ్య మామకు పర్మిట్ లేదు

ఏప్రిల్ 11
కూలర్‌లో నీళ్లు పోస్తుంటే అత్తకు షాక్ కొట్టింది. బకెట్ ఎగిరి అవతల పడింది. కుట్టు మిషన్ వదిలేసి పరుగెత్తాను. గోడకు ఆనుకుని కూర్చుంది, చెయ్యి రుద్దుకుంటోంది. "ఏం కాలే, జర చురుక్కుమన్నది..." అంటుంది. భయం లేదన్నాడు డాక్టర్. నాకు మాత్రం ఉంది.

ఏప్రిల్ 12
లైన్‌మన్ వచ్చి చూశాడు. "గీ ఇంటికి ఎర్తింగే లేదు. ఎవరమ్మా వైరింగ్ చేసింది?"
అత్త మొహం తిప్పుకుంది. చేసింది ఆమె సొంత తమ్ముడు సత్తయ్య మామ. ఇరవై ఏళ్ల కింద. హుజూరాబాద్‌లో మా వైపు సగం ఇళ్లకు ఆయన చెయ్యే.
"ఈసారి సర్కారు పర్మిట్ ఉన్నోనితోని చేపియ్యి. కాయితం చూడు" అని చెప్పి పోయాడు లైన్‌మన్.

ఏప్రిల్ 13
మామే వచ్చాడు. అక్కకు తాటి ముంజలు, ఇంటికి కొత్త వైరు చుట్ట. వస్తూనే గోడలు కొలవడం మొదలుపెట్టాడు. అడగలేక అడగలేక అడిగాను — "మామా, నీకు వైర్‌మెన్ పర్మిట్ ఉన్నదా?"
టెస్టర్ జేబులో పెట్టుకున్నాడు. "ముప్పై ఏండ్లల్ల ఎవ్వరు అడగలే బిడ్డా."
చాయ్ తాగకుండా పోయాడు.

ఏప్రిల్ 14
అత్త మాట్లాడటం లేదు. ముంజలు మాత్రం నాకు వలిచి పెట్టింది.

ఏప్రిల్ 15
మంచిర్యాలలో పనిచేసే మా ఆయన ఫోన్. "సొంత మామను కాయితం అడుగుతవా? ఇజ్జత్ తీస్తివి." కాసేపటికి మళ్లీ ఆయనే — "అమ్మ చెయ్యి ఎట్లున్నది?"
తగ్గిందని చెప్పాను.

ఏప్రిల్ 18
బజారులో ఒక ఎలక్ట్రీషియన్ దొరికాడు. చలాకీ మనిషి. అడగకముందే లామినేషన్ చేసిన పర్మిట్ కార్డు తీసి చూపించాడు. ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను. "నమ్మకం లేదా అక్కా?" నవ్వి వచ్చేశాను.

ఏప్రిల్ 20
బస్సు. కరీంనగర్. పర్మిట్లు చూసే ఆఫీసు. కౌంటర్‌లో ఉన్నామె నంబరు కంప్యూటర్‌లో కొట్టింది. నంబరు నిజమే... పేరు వేరే, మొహం వేరే. ఎవరిదో నంబరు మీద తన పేరు, ఫోటో వేసుకున్నాడు. కొంచెమైతే అతన్ని ఇంట్లోకి రానిచ్చేదాన్నే.
వచ్చేస్తూ ఇంకో మాట అడిగాను. పెద్ద చదువు లేకున్నా, ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు పరీక్ష రాయొచ్చా? రాయొచ్చట. అరవై దాటకూడదు. మామకు యాభై ఎనిమిది. ఫారం తెచ్చుకున్నాను.
ఇంటికి రాగానే అత్త నోరు విప్పింది. కార్డు సంగతి చెప్పాను. "చూసినవా? నా తమ్మునికి కాయితం లేదు గని, మోసం లేదు."
నిజమే. ఎర్తింగ్ లేనిదీ నిజమే. రెండోది పైకి అనలేదు.

ఏప్రిల్ 22
మామ ఇంటికి వెళ్లాను. ఎవరిదో మిక్సీ విప్పుకుని కూర్చున్నాడు. తల ఎత్తకుండానే — "వైరింగ్ చేసిననాడు ఎర్తింగ్‌కు గుంత తియ్యాలంటే తర్వాత చూద్దామన్నడు మా బావ. నేను సరే అన్న. అనొద్దుండె. అక్కకు షాక్ కొట్టిందని ఇన్నప్పటి సంది ముద్ద దిగుతలేదు."
ఫారం ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. వయసులో ఒకసారి పరీక్షకు వెళ్లాడట. "ఒక్కొక్క అక్షరం కూడుకోని సదివేసరికి సగం టైం అయిపాయె. లేచి వచ్చిన." ఇన్నేళ్లూ అక్కకు కూడా చెప్పలేదట.
"నేను సదివిపిస్త మామా."
"...సూద్దాం."

ఏప్రిల్ 29
కరీంనగర్ నుంచి పర్మిట్ ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చి వైరింగ్ మార్చాడు. పేరు, ఫోటో, గడువు — ముందే అన్నీ సరిచూసుకున్నాను. ఎర్తింగ్ గుంత మాత్రం మామే తవ్వాడు. పార ఎవరినీ ముట్టనివ్వలేదు.

మే 10
ఫారం నింపి పంపాం. మామ రోజూ మధ్యాహ్నం వస్తున్నాడు. ఆ ఎండలో ఆయనకు గిరాకీ లేదు. నేను జాకెట్లు కత్తిరిస్తుంటే, పరీక్ష పుస్తకంలో అక్షరం కింద వేలు పెట్టుకుని చదువుతాడు. "ఫ్యూజు... ఎందుకు... కా...లు..." వంటింట్లోంచి అత్త — "లోడ్ ఎక్కువైతె!"
"అక్కా, పరీక్ష నీకా నాకా?"
నవ్వలేక చచ్చాను.

మే 23
ఒక పేజీ ఆగకుండా చదివాడు. అత్త లేచి వెళ్లి ఉల్లిగడ్డ పకోడి వేసింది.

జూన్ 14
పరీక్ష. నేను కుట్టిన అంగీ వేసుకుని పోయాడు. సాయంత్రం దాకా అత్త గేటు దగ్గరే.
"ఎట్ల రాసినవ్ మామా?"
"ఈసారి టైం అయిపోయెదాక కూసున్న."
అంతే. ఇంకేం చెప్పడు.

జూలై 2
వెనక వీధి రాజవ్వ వచ్చింది. వాళ్లింటి పైన రెండు గదులు వేశారట, ఇక్కడున్న మామను వైరింగ్‌కు అడిగింది. ఈ మధ్య ఆయనకు పెద్ద పని ఏదీ లేదు. చప్పున ఒప్పుకుంటాడనుకున్నాను.
"పర్మిట్ ఇంక రాలే చెల్లె. ఫలితం వచ్చెదాక ఆగుతవా?"
"గిన్నేండ్లు లేని కాయితం ఇప్పుడెందుకు సత్తన్నా?"
"ఉండాలె."
రాజవ్వ మామ మొహం వంక చూసి, ఇంట్లో అడిగి చెప్తానని పోయింది. ఫలితం ఎప్పుడో తెలియదు. వానలు ముదిరేలోపు పైగదిలోకి పోవాలని వాళ్ల తొందర. ఆగుతారో లేదో...