నవ్వితే గాని తీయని కెమెరా

నాయుడుపేట,
జూన్ 3

ప్రియమైన అమలా,

ఫోన్లో ఈ సంగతి ఎత్తితే మూడో మాటకే పోట్లాటవుతోంది, అందుకే రాస్తున్నాను. కొత్త కెమెరా అందిందా? ఆపరేషన్‌కి ముందే తన పటానికి ఫోటో తీయించుకోవాలని అమ్మ పట్టుబడుతోంది కదా, దీంతోనే తియ్యి. అన్నీ నేనే సెట్ చేసి పంపాను. మొహం ఎక్కడుందో అదే వెతుక్కుంటుంది, నువ్వు బటన్ నొక్కితే చాలు. నీ పాతదాన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం. స్టూడియో పెట్టుకుని ఇంకెన్నాళ్లు ఆ డొక్కుతో నెట్టుకొస్తావు?

నీ
జయచంద్ర

తిరుచానూరు,
జూన్ 7

ప్రియమైన బావకు,

అందింది. అత్తను కుర్చీలో కూర్చోబెట్టి బటన్ నొక్కాను. పలకలేదు. మళ్లీ నొక్కాను. తీరా చూస్తే అది నువ్వు చేసిన నిర్వాకం: ఎదుటి మనిషి నవ్వితే గాని తీయదట! కాస్త నవ్వమంటే అత్త నన్నూ కెమెరానూ కలిపి కడిగేసింది. "నేను సచ్చినాక దండేసే పటం గదా ఇది. దానికి పండ్లు బయటబెట్టి నవ్వల్నా?" అంది.

చివరికి నా కెమెరాతోనే తీశాను. ఒకే లెన్సు, వెలుగుకో చక్రం, ఒక బటన్. కంటికి ఆనించుకుంటే ఎదురుగా మనిషి తప్ప ఇంకేమీ కనిపించదు. తిట్టీ తిట్టీ అత్త ఒక్క క్షణం ఆగి నా వైపు చూసింది, అప్పుడు నొక్కాను. దాన్ని నేను ఎవరికీ ఇవ్వను. నీకు కోపమొస్తే రానీ.

నీ
అమల

నాయుడుపేట,
జూన్ 10

ప్రియమైన అమలా,

కోపమే వచ్చింది. నేర్చుకోవడానికి భయమని ఒప్పుకోరాదా? దాంతో వచ్చిన పుస్తకమైనా తెరిచావా? డాక్టరు ఏమన్నాడో నీకు తెలుసు. అమ్మకు ఇంకో ఫోటో తీసే వీలుంటుందో లేదో. ఆదివారం నేనే వచ్చి తీస్తాను. నువ్వు మాత్రం అడ్డు రావద్దు.

జయచంద్ర

తిరుచానూరు,
జూన్ 16

ప్రియమైన బావకు,

అడ్డు రావద్దన్నావు, నిన్న నువ్వు బస్సెక్కేదాకా నోరు మెదపలేదు. ఇప్పుడు చెబుతాను. పుస్తకం తెరిచాను, నూట డెబ్భై పేజీలూ చదివాను. ఆ నవ్వు పిచ్చిని మొదటి సాయంత్రమే తీసేశాను. లాడ్జీల్లో దిగినవాళ్లకు వారం పాటు దాంతోనే ఫోటోలు తీశాను, బాగానే వచ్చాయి. చేతకాక కాదు బావా, వద్దనుకునే వద్దంటున్నాను. దాని వెనకున్న తెరను చూసుకోవడానికే నా కళ్లు సరిపోతున్నాయి, మనిషిని చూడలేకపోతున్నాను.

నువ్వు తీసిన నలభై ఆరింటినీ నాదాన్నీ పక్కపక్కన పరిచి ఎంచుకోమన్నాను. నీవాటిలో ఆమె కొంగు పోగులు కూడా లెక్కపెట్టవచ్చు. అత్త నాది తీసుకుంది. నేనేమీ అడగలేదు, తనే చెప్పింది.

"గంటసేపు కూసోబెట్టినాడు. ఒక్కసారన్నా నా మొగం సూడల్యా వాడు. చేతిలో ఉండే ఆ అద్దాన్నే సూస్తా ఉన్నాడు. మళ్లా సూస్తానో లేదో అని నేనే వాణ్ణి సూస్తా కూసున్నాను."

నువ్వు తీసిన ఫోటోలు ఇంకోసారి చూడు. ఒక్కదాంట్లోనూ ఆమె చూపు కెమెరా మీద లేదు. అన్నిట్లోనూ కాస్త పైకి, నీ మొహం మీద ఉంది.

పటం నాదే కట్టించాను. ఆపరేషన్ వచ్చే సోమవారం. నువ్వు శనివారమే రా, చేతులూపుకుంటూ రా. ఆమె ఎదురుగా కుర్చీ వేసి ఉంచుతాను.

నీ
అమల