లెక్కకి మిగిలిన దగ్గు

అక్కకి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాసి కొట్టేశాను. దగ్గుతూ అబద్ధం రాయకూడదు కదా. ఈయనకీ, పాపకీ, నాకూ ఒకేసారి పట్టుకుంది. నా సంగతి నీకు తెలుసు, వెంటనే పుస్తకంలో గళ్లు గీశాను. ఎవరి దగ్గులు వాళ్ల గడిలో గీతలు. ఇంట్లో దగ్గు వినిపించినప్పుడల్లా గిన్నెలో ఒక చిక్కుడు గింజ. నిన్న గింజలు నూట ఆరు. గీతలు ఈయనవి యాభై ఒకటి, పాపవి ఇరవై ఆరు, నావి ఇరవై. తొమ్మిది గింజలు మిగిలాయి. మూడుసార్లు కూడి చూశాను. తొమ్మిదే.

ఈయనకి చెప్పలేదు. కిటికీ రెక్క కొట్టుకుంటేనే ఇల్లు మార్చేద్దామనే మనిషి. ఆరేళ్లలో ఇది అయిదో ఇల్లు. వంటింట్లో ఎండ పడే ఇల్లు ఇదొక్కటే దొరికింది. దీన్ని వదలను.

నీ చెల్లి

తా.క. నువ్విచ్చిన పాత పేము కుర్చీ వెనక గదిలో వేశాం. కొలిచి చేయించినట్టు సరిపోయింది.

*

చెల్లికి ఆశీస్సులు.

నీ లెక్క తప్పదు. కాబట్టి నువ్వు మనిషిని దాస్తున్నావు. మీ అత్తగారు వచ్చారు కదూ? చెబితే నేనూ పెట్టె సర్దుకుని దిగుతానని భయమా?

సరే, ఎవరైతేనేం, దగ్గు దగ్గే. అల్లం రసం చెంచా, తేనె చెంచా, చిటికెడు మిరియాల పొడి, గోరువెచ్చని నీళ్లలో. పొద్దున ఉప్పునీళ్లు పుక్కిలించమను. తగ్గకపోతే ఆవిరి పట్టు.

మీ అక్క

తా.క. అత్తగారే అయితే తేనె రెండు చెంచాలు. గొంతు తీపైతే మాటా తీపవుతుందేమో, చూద్దాం.

*

అక్కకి,

ఒట్టు, ఎవరూ రాలేదు. మా ముగ్గురికీ నీ మందుతో తగ్గిపోయింది. మిగిలిన తొమ్మిదీ మాత్రం రోజూ తొమ్మిదే. సాయంత్రం నాలుగింటికి మొదలవుతుంది. వెనక గదిలోంచి. వెళ్లి చూస్తే ఖాళీ.

ఎవరైనా ఇంట్లో దగ్గుతుంటే చేతులు ముడుచుకుని కూర్చోలేను. నాలుగో కప్పు కలిపి కుర్చీ పక్కన పెట్టాను. అయిదింటికి ఖాళీ అయింది. కప్పు సాసరు మీద బోర్లించి ఉంది. మా ఇంట్లో ఆ అలవాటు ఎవరికీ లేదు.

మర్నాడు ఆవిరి గిన్నె కుర్చీ ముందు పెట్టి, పైనుంచి దుప్పటి కప్పాను. ఖాళీ కుర్చీ కదా, దుప్పటి జారిపోవాలి. జారలేదు. భుజాల ఎత్తున నిలబడి, మెల్లగా లేస్తూ దిగుతూ ఉంది. పదినిమిషాలు గడియారం చూసుకుని దుప్పటి తీశాను. ఎవరూ లేరు. పేము మాత్రం వెచ్చగా ఉంది.

నీ చెల్లి

తా.క. నిన్న ఉల్లిరసం పెట్టాను. కప్పు మూరెడు దూరం జరిగిపోయింది.

*

ఒసే పిచ్చిదానా,

ఇంట్లో దొంగ దూరితే కషాయం పోసి పెంచుతున్నావా? దుప్పటి కూడా కప్పావు, ఇక జోల ఒక్కటే తక్కువ! కుర్చీ వెనక చూశావా? అటక మీద? మరిదిగారికి ఇప్పుడే చెప్పు.

దొంగ కాకపోతే, దేవుడా, అదేమిటో నేను కాగితం మీద పెట్టను. పొడిదగ్గా, కఫమా? ఎలా దగ్గుతున్నాడో ఉన్నదున్నట్టు రాయి.

మీ అక్క

తా.క. ఉల్లిరసం వద్దన్నాడంటే దొంగైనా రుచి తెలిసినవాడే.

*

అక్కకి,

కొంప మునిగింది. గిన్నెలు తోముతూ ఈయన కప్పులు లెక్కపెట్టారు. లెక్కలు నా దగ్గరే నేర్చుకున్నారు మరి. చెప్పక తప్పలేదు. నాలుగింటికి తలుపు దగ్గర నిలబడి విన్నారు. తర్వాత నేరుగా వెళ్లి అట్టపెట్టెలు తెచ్చారు. ఒకటో తారీఖుకి బండి మాట్లాడేశారు.

అది ఎలా దగ్గుతుందంటే, పొడీ కాదు, కఫమూ కాదు. రెండు చిన్నవి. కాస్త ఆగి ఒక పెద్దది. ఎవరైనా బదులిస్తారేమోనని చూసినట్టు మళ్లీ అంతే. అలా మూడుసార్లు. ఆ తర్వాత కుర్చీ కిర్రుమంటుంది, నిట్టూర్చినట్టు.

పెట్టెలు సగం సర్దేశాను. వంటింట్లో ఎండ చూస్తుంటే ఏడుపొస్తోంది.

నీ చెల్లి

*

చిట్టితల్లీ,

పెట్టెలు విప్పు.

నీ ఉత్తరం గడప మీదే నిలబడి రెండుసార్లు చదివాను. రెండు చిన్నవి, ఒక పెద్దది. అది నాన్నే. పోయేనాటికి నీకు మూడేళ్లు, ఎలా గుర్తుంటాడు? ప్రెస్సు నుంచి నాలుగింటికి వచ్చి ఆ కుర్చీలోనే కూర్చునేవాడు. నోరు తెరిచి టీ అడిగిన మనిషి కాదు. దగ్గేవాడు. మూడోసారికి అమ్మ తెచ్చేది. తాగి కప్పు బోర్లించేవాడు. నా దగ్గర ఆ కుర్చీ ఇన్నేళ్లూ అటక మీద బస్తాల కింద పడి ఉంది. అక్కడ ఎవరికి వినిపిస్తుంది?

మందులు ఆపెయ్. అది జబ్బు కాదే, పిలుపు. చిక్కటి టీ, పంచదార రెండు చెంచాలు, అల్లం వెయ్యకు. మొదటి దగ్గుకే తీసుకెళ్లు.

మీ అక్క

తా.క. పాపం, ఇన్నాళ్లూ నీ కషాయాలు మొహమాటానికి తాగి ఉంటాడు. మనసు నొప్పించలేడు. ఉల్లిరసం దగ్గర మాత్రం ఎంతటి తండ్రైనా ఆగిపోతాడు.

*

అక్కకి,

మొదటి దగ్గుకే తీసుకెళ్లాను. రెండోది రాలేదు. కప్పు దానంతటది లేవడం నేను చూడలేదు, తల వంచుకునే కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. ఆయన ముఖం ఎలా ఉండేదో ఈసారి రాయి.

ఈయన తలుపు దగ్గర పెట్టె పట్టుకుని నిలబడి అంతా చూశారు. "మామగారని ముందే చెప్పొచ్చుగా!" అని నన్నే కసిరి, బండి వద్దని చెప్పి వచ్చారు. ఇప్పుడు ఆ గదిలోకి వెళ్లాలంటే చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నారు.

పుస్తకంలో ఆ తొమ్మిదికీ నాలుగో గడి గీసి "మిగులు" అని పేరు పెట్టాను. కొట్టేసి "నాన్న" అని రాశాను.

నీ చెల్లి

తా.క. నిన్న పాపకి మళ్లీ దగ్గొచ్చింది. పొద్దున నేను లేచేసరికి దాని మంచం పక్కన కషాయం ఉంది, ఇంకా పొగలు కక్కుతోంది. నేను పెట్టలేదు. ఈయన పెట్టలేదు. రుచి చూశాను. అల్లం, మిరియాలు అచ్చం నా కొలతే. తేనె మాత్రం మూడు చెంచాలు. తాతలంతే కదా.