ఊడలేదని చెప్పిన రేకు

నల్గొండ,
మాఘ బహుళ పంచమి

అమ్మా,

నీ పాదాలకు దండాలు. ఇక్కడ నేను, నీ కోడలు అండాలు కుశలమే. అచ్చంపేటలో నువ్వు, భద్రక్క, లింగయ్య బావ, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తాను. బావ చేత రాయించిన ఉత్తరం మొన్న శుక్రవారం అందింది.

అండాలుకు వాంతులు తగ్గాయి. ఐదో నెల పడింది. నువ్వు పంపిన ఉసిరికాయ తొక్కు అంతా తనే తింటున్నది, నన్ను ముట్టనివ్వదు. నా అరచేతి మీద కాలిన పుండు మానింది. మన ఊరి సంగతి అడిగావు. కాలిన ఇళ్లలో సగానికి మళ్లీ కప్పులు పడ్డాయి. మన గోడలు నిలిచే ఉన్నాయి. ఎండలు ముదరకముందే పోయి కప్పిస్తాను.

ఇక ఉత్తరం చివర నువ్వు రాయించిన మాట. "గా తుర్కాయన్ను ఇంట్ల ఎందుకు పెట్టుకున్నవ్ రా? నలుగురు ఏమనుకుంటరు?" అన్నావు. రెండు ఉత్తరాల నుంచి ఆ మాట దాటేస్తున్నాను. ఇవాళ దాటేయను.

దస్తగీర్ మిస్త్రీ నాకు పని నేర్పిన మనిషని నీకు తెలుసు. పోలీసు చర్య తరువాతి అల్లరిలో ఆయన దుకాణం దోచుకున్నారనీ, ఎవరూ లేని మనిషని నేను ఇంటికి తెచ్చుకున్నాననీ తెలుసు. ఆయన కాలు ఎట్లా విరిగిందో మాత్రం నీకు చెప్పలేదు.

పోయినేడు వైశాఖంలో ఒక దొర జీపు మరమ్మతుకని మా దుకాణానికి వచ్చింది. యుద్ధంలో వాడి అమ్మేసిన పాత బండి. గేరు పడటం లేదు. గేరుపెట్టె చూడాలంటే రెండు సీట్ల నడుమ ఉన్న అడుగు రేకు ఊడదీయాలి. ఆ రేకుకు ఎనిమిది మరమేకులు. బురద, వాన పట్టి ఎనిమిదీ చిలుముతో ఇనుములో ఇనుమై పోయాయి. మిస్త్రీ లోపల వేరే పనిలో ఉండి, రేకు నాకు అప్పజెప్పాడు.

జీపు నడిపేవాడు బీడీ కాల్చుకుంటూ నాతో అన్నాడు: "జల్ది కానియ్. ఎల్లుండి రజాకార్లతోని పోవాలె. గా ఊరోళ్లు సర్కారుకు లెవీ గింజలు ఇయ్యరంట. వాగు ఇసుకల లారీ దిగబడ్తది, గిదొక్కటే పోతది."

ఏ ఊరని అడిగాను. మన ఊరి పేరు చెప్పాడు.

అమ్మా, ఆ రోజు ఉన్ని అమ్మడానికి వచ్చిన కురుమ బీరన్నను సంతలో పట్టుకొని, ఊరికి పరుగెత్తించింది నేనే. కానీ ముసలివాళ్లు, గొడ్లు, పిల్లలు గుట్ట దాటాలంటే, అతను చేరాక మిగిలే ఒక్క రోజు చాలదు.

చేతులు ఊరికే ఉంటే అనుమానం వస్తుందని మరలకు గ్యాసునూనె పోసి నానబెట్టాను. మంటతో కాచాను. తలల మీద సుత్తెతో మెల్లగా తట్టాను. "ఇనుముతోని కొట్లాడొద్దు బిడ్డా, బతిమాలాలె. ముందుగాల బిగించే దిక్కు జరంత తిప్పు, ఎనుకకు అదే వస్తది" అని మిస్త్రీ నేర్పినట్టే చేశాను. రెండో రోజు మధ్యాహ్నానికి ఎనిమిదీ కదిలాయి. మళ్లీ ఎనిమిదీ బిగించి, పైన మట్టి పూసి, "ఊడుతలేవు" అని చెప్పాను.

మూడో రోజు దొర మనుషులు వచ్చారు. వాళ్ల కోపం నా మీదికి రాలేదు. దుకాణం ఆయనది కదా. "నువ్వు గూడ సంఘపోళ్లతోని కలిసినవా?" అని మిస్త్రీని నేల మీద పడేసి, తుపాకి మడమతో మోకాలు పగలగొట్టారు. ఆయన ఒక్కటే మాట అన్నాడు: "చిలుం పట్టింది సాబ్. నేనేం చెయ్యాలె?"

నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. తెరిస్తే ఆ దెబ్బలు ఆగేవి. జీపు ఆ పూటే బయలుదేరేది.

నాలుగో రోజు రేకు ఊడదీసి గేరు సరిచేశాను. వాళ్లు పోయేసరికి ఊళ్లో మనుషులు లేరు, ఇళ్లే కాల్చారు. బీరన్న దేవుడిలా వచ్చాడని నువ్వు ఇప్పటికీ చెప్తుంటావు.

ఈ సంగతి మిస్త్రీకి కూడా ఇన్నాళ్లూ చెప్పలేదు. నిన్న అటువంటిదే ఒక పాత జీపు పనికి వచ్చింది. ఆయన పీట మీద కూర్చుని చూస్తున్నాడు. మొదటి మర కిర్రుమని కదిలింది. ఆయన నవ్వాడు.

"గా దినం గూడ గిదే సప్పుడు ఇన్న" అన్నాడు. "ఎనిమిదిసార్లు ఇన్న. మల్ల బిగిచ్చింది గూడ ఇన్న."

నేను పానా కింద పెట్టాను. "తెలిసి ఎందుకు చెప్పలే ఉస్తాద్? నన్నెందుకు అడగలే?" అన్నాను.

"అడిగితే నువ్వు చెప్తవు. తెలిసిన మాట దెబ్బలకు నోట్లకెళ్లి ఎల్తది. గందుకే అడగలె."

అప్పుడు ఆయన కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పాను. అది మా ఊరని, అక్కడ మా అమ్మ ఉండెనని చెప్పాను. ఆయన మోకాలు రాసుకుంటూ, "అమ్మ మంచిగున్నదా ఇప్పుడు?" అని అడిగాడు. అచ్చంపేటలో అక్క దగ్గర ఉన్నదన్నాను. "అయితే ఉత్తరంల నా సలాం రాయి" అన్నాడు.

రాస్తున్నాను. నువ్వు కాన్పుకు వచ్చేనాటికి కూడా ఆయన ఈ ఇంట్లోనే ఉంటాడు. ఏం జవాబు చెప్తావో బావ చేత రాయించు. దాన్ని ముందుగా ఆయనకే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
నీ కడుపున పుట్టిన
పర్వతాలు