స్పీకర్ డబ్బాకు నాయన పరీక్ష

మణుగూరు, 2006, శుక్రవారం రాత్రి

రేపు హైదరాబాదులో మా మెటల్ బ్యాండ్ షో. నా బేస్ గిటార్ లావు తీగ మీటితే చాలు, స్పీకర్ డబ్బా గరగరమంటోంది. ఇద్దరు మెకానిక్‌లు విప్పి చూసి చేతులెత్తేశారు.

బొగ్గుబాయిలో పైకప్పును కర్రతో కొట్టి, చప్పుడును బట్టి అది నిలుస్తుందో కూలుతుందో చెప్పడం నాయన పని. నా పాటలను బ్లాస్టింగ్ అని వెక్కిరించే ఆ మనిషే, సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, కర్రతో డబ్బా చుట్టూ కొట్టి చూశాడు.

"గీడ డొల్లగ పలుకుతుంది. లోపల చెక్క వదులైంది."

రెండు స్క్రూలు బిగించాం. గరగర పోయింది.

అయితే కొట్టబోయే ముందు నా భుజం పట్టి లాగాడు. "ఎన్కకు జరుగు బిడ్డా, మీద పడుద్ది."

మోకాలెత్తు డబ్బా! నవ్వాను.

బాయిలో ఆయన్ను వెనక్కి లాగేదెవరో ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ అడగలేదు.