ఊపిరి తీసుకునే చోటు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. అమ్మ మోకాలు, నా నోరు తప్ప ఇక్కడ అన్నీ బాగానే ఉన్నాయి. అక్కడ మీ ముగ్గురూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. అమ్మ మందులు వేసుకుంటోంది. పరుపుల ఫ్యాక్టరీలో నన్ను కుట్టుపని నుంచి తనిఖీకి మార్చారు. ఇప్పుడు రోజంతా వేరేవాళ్ల కుట్లలో తప్పులు వెతుకుతాను. ఆ పని నాకు బాగా నప్పిందని సూపర్‌వైజర్ మెచ్చుకున్నాడు. లాండ్రీ మూసేశారు. వెనక గదిలో సైకిళ్లు పెడుతున్నారు, గోడలకి మనం అంటించిన స్పాంజి ముక్కలు మాత్రం ఎవరూ పీకలేదు. పాత క్యాసెట్లు పారెయ్యమన్నావు. పారెయ్యలేదు. ఎందుకో చివర్లో రాస్తాను.

నీ ఉత్తరం అడుగున మరదలు కొంచెం రాసింది. "వదినా, ఈయన పాపకి జోల కూడా పాడరు. బలవంతం చేస్తే లేచి బయటికి వెళ్లిపోతారు. ఒకప్పుడు పాడేవారట కదా, ఏమైంది?" నువ్వు చూడకుండా రాసి ఉంటుంది. నిజానికి ఆ కాసిని మాటలకే ఈ ఉత్తరం, పైన రాసిందంతా ధైర్యం కూడగట్టుకోవడానికి రాశాను.

నువ్వు ఆమెకి ఏమీ చెప్పినట్టు లేదు. అందుకే తనకీ అర్థమయ్యేలా మొదటి నుంచి రాస్తున్నాను, తనకి ఇవ్వు.

మన పేట బస్సు దారిలో ఆఖరిది. ఒకే రంగు ఇళ్లు, ఒకే ఎత్తు గోడలు, సాయంత్రమైతే చేయడానికి ఏమీ లేని కుర్రకారు. అప్పుడు నీకు పంతొమ్మిది, నాకు ఇరవై నాలుగు. లాండ్రీ ఆయన కొడుకు పొడుగాడికి గిటారు ఉంది. మున్సిపల్ ఆఫీసు గుమాస్తా బేస్ గిటారు నేర్చుకుంటున్నాడు. నీకు గొంతు ఉంది, కోపం ఉంది. డ్రమ్స్‌కి ఎవరూ దొరక్క నన్ను కూర్చోబెట్టారు. రోజంతా కుట్టుమిషన్ తొక్కే కాలికి తాళం కొత్తేమీ కాదు. గోలగా అరిచి పాడే పంక్ రాక్‌కి సంగీతం రానక్కర్లేదని పొడుగాడు అన్నాడు. అయితే అది మన కోసమే పుట్టిందన్నావు నువ్వు. ఆదివారం మధ్యాహ్నాలు లాండ్రీ వెనక గదిలో ఆ సబ్బు వాసనలో, ఆవిరిలో చెమటలు కక్కుతూ పేట మీద, బస్సు మీద, మా సూపర్‌వైజర్ మీద పాటలు కట్టి అరిచేవాళ్లం. బ్యాండ్ పేరు 'చివరి స్టాప్'. తాళం ఒక్కసారి కూడా తప్పనని నాకు కుట్టుమిషన్ అని పేరు పెట్టారు.

మొదటిసారి స్కూలు హాలులో వాయిస్తే పదకొండు మంది వచ్చారు. అందులో ఒకరు అమ్మ, చెవుల్లో దూదితో. ఏడాది తిరిగేసరికి మనం రికార్డు చేసిన క్యాసెట్ చేతులు మారి నగరం దాకా పోయింది. కాలేజీ రేడియోలో 'బస్సు రాదు' పాట రోజూ వేసేవారు. ఒకసారి బస్సులో ఎవరో ఆడపిల్లలు ఆ పాట పాడుతుంటే నువ్వు కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నావు. ఆ రోజు నాకు ఎంత గర్వంగా ఉందో నీకు చెప్పలేదు. మనసులో మాట చెప్పకపోవడం మన ఇంట్లో అందరికీ ఉన్న జబ్బే.

ఆ పాటలో నాలుగో లైన్ అయ్యాక నేను డ్రమ్స్ పక్కన వేలాడే ఇత్తడి పళ్లెం మీద ఒక్క దెబ్బ కొట్టి, రెండు దెబ్బల సేపు ఆగుతాను. ఆ ఖాళీలో నువ్వు గుండెల నిండా గాలి పీల్చుకుని చివరి పెద్ద కేక అందుకుంటావు. ఆ ఖాళీ నీ కోసం నేనే పెట్టాను. నువ్వు ఎక్కడ ఊపిరి తీసుకుంటావో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

నగరంలో పెద్ద హాలులో మన ప్రదర్శన రోజు, రికార్డింగ్ కంపెనీ ఆయన మెట్ల దగ్గర నన్ను ఆపాడు. గోధుమరంగు బూట్లు, మెత్తటి మాట.

"మొన్న మీ తమ్ముడితో మాట్లాడాను, చెప్పే ఉంటాడు కదమ్మా. మాకు అబ్బాయి ఒక్కడు చాలు. వాయించేవాళ్లు మా దగ్గరే ఉన్నారు. ఇవాళ ఒకసారి విని కాగితాలు రాసేసుకుంటాం."

"చెప్పాడండీ," అన్నాను.

నువ్వు చెప్పలేదు. ఆ రెండు రోజులూ నాతో కలిసి భోంచేశావు, నా డ్రమ్ కర్రలకి టేపు చుట్టిపెట్టావు, ఈ ఊసే ఎత్తలేదు. నా కడుపు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదని రాయకపోతే ఈ ఉత్తరం కూడా అబద్ధమే అవుతుంది.

మూడో పాట 'బస్సు రాదు'. మొదటి నుంచే వేగం పెంచాను. నాలుగో లైన్ అయ్యాక ఆగలేదు, ఆ ఖాళీని దెబ్బలతో నింపేశాను. పొడుగాడు, గుమాస్తా అలవాటుగా నా వెంటే పరిగెత్తారు. నువ్వు ఊపిరి లేకుండా కేక అందుకున్నావు. గొంతు చీరుకుపోయి సగంలో ఆగింది. వెనక్కి తిరిగి నా వైపు చూశావు. నేను తల దించుకుని వాయిస్తూనే ఉన్నాను. రెండోసారీ అలాగే చేశాను. జనం ఈలలు వేశారు. నువ్వు మైకు కింద పెట్టి దిగిపోయావు. బూట్లాయన రెండో వరసలోంచి లేచి వెళ్లిపోవడం నాకు కనిపించింది.

కావాలనే చేశాను తమ్ముడూ. చెయ్యి జారలేదు, కంగారూ పడలేదు.

ఎవరికీ అనుమానం రాలేదు. కుట్టుమిషన్ తప్పదు కదా. తప్పింది నువ్వేనని అందరికంటే ముందు నువ్వే నమ్మావు. తిరిగొచ్చేటప్పుడు వ్యాన్‌లో "అక్కా, నా గొంతు పోయింది" అన్నావు. "కొన్నాళ్లుగా బలహీనంగానే ఉందిలే" అన్నాను. డాక్టరు ఏ లోపమూ లేదంటే, "ఆయనకి పాట గురించి ఏం తెలుసు" అన్నది కూడా నేనే. తాళం మార్చడం నిమిషం పని. నిన్ను నమ్మించడానికి నెలలు కష్టపడ్డాను. ఈలోగా పొడుగాడు నిన్ను పిరికివాడన్నాడు, నువ్వు అతని గిటారును తన్నావు, గుమాస్తా రావడం మానేశాడు. ఆరు వారాల్లో బ్యాండ్ ముక్కలైంది. ఆ తర్వాత నువ్వు దూరంగా ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయావు. నిన్ను పోగొట్టుకోకూడదని చేసిన పనికి నాకు దక్కింది అది.

బూట్లాయనకి నువ్వు ఏం జవాబిచ్చావో తొమ్మిదేళ్లుగా అడగలేదు. ఇప్పుడూ అడగను, నువ్వూ రాయకు. అవునన్నావంటే నేను చేసింది సబబే అనుకుంటాను. కాదన్నావంటే తట్టుకోలేను. రెండూ నాకు వద్దు.

దీంతో రెండు క్యాసెట్లు పంపుతున్నాను. ఒకటి మన పాతది. రెండోది ఆ రోజు గుమాస్తా వేదిక పక్కన టేప్‌రికార్డర్ పెట్టి తీసింది, ఇన్నాళ్లూ నా బట్టల కింద దాచాను. మరదలిని పక్కన కూర్చోబెట్టుకుని రెండూ విను. నాలుగో లైన్ తర్వాత నీ గొంతు వినకు, నా డ్రమ్స్ విను. వేలితో బల్ల మీద కొట్టి చూసుకో. ఫ్యాక్టరీలో కుట్టు తప్పిన చోట సుద్దతో గీత పెడతాం. ఇది నేను నా కుట్టుకి పెట్టుకున్న గీత.

క్షమించమని అడగను. అడిగితే వెంటనే సరేనంటావు, నీ సంగతి నాకు తెలుసు. తిట్టి రాయి. నీ ఉత్తరాలు అమ్మకి చదివి వినిపించేది నేనే కాబట్టి ఎంత ఘాటుగా రాసినా ఫర్వాలేదు.

పాపకి పాడు. నీ గొంతుకి ఏమీ కాలేదు, అప్పుడూ కాలేదు. అక్కడ నీ వెనక నేను ఉండను. ఎక్కడ కావాలంటే అక్కడ ఆగి ఊపిరి తీసుకో.

ఇట్లు,
నీ అక్క