ఫెండరు అంచు

ఆదివారం రాత్రి, అనకాపల్లి

కళ్లారా చూశాను, అయినా ఇంకా ఆశ్చర్యంగానే ఉంది. నేను మోజుపడి కారుకి వేయించిన వెడల్పు టైర్లు, వెనక సీటు నిండితే చాలు, చక్రం మీద కప్పుగా ఉండే ఫెండరుకి రాసుకుంటున్నాయి. ఈరోజు టింకరింగ్ షాపులో రమణ బావ వెనక చక్రం విప్పి చూపించాడు. ఫెండరు లోపలి రేకు అంచు టైరుని కత్తిలా కోసేసింది. లోపలి దారాలు కనిపిస్తున్నాయి.

"ఇలాగే తిప్పితే హైవే మీద పేలిపోద్ది బావా. ఇన్నాళ్లూ ఏటి సూత్తన్నావు?" అన్నాడు.

తర్వాత రేకుని హీట్ గన్‌తో వేడి చేసి, రోలరుతో అంచుని మెల్లగా లోపలికి మడిచాడు. రంగు పగులుతుందేమోనని ఊపిరి బిగబట్టాను. చిన్న గీత కూడా పడలేదు. అంత గట్టి రేకు మెత్తగా ఒదిగిపోతుంటే మా ఆవిడ నోరు తెరిచింది.

"మా అన్నయ్య కజ్జికాయ అంచు మడిసినట్టు మడిసేత్తన్నాడు, సూడండి!"

కొత్త టైరు వేయించి, అందరం ఎక్కి మునగపాక దాకా వెళ్లొచ్చాం. గతుకుల్లో కూడా చప్పుడు లేదు. పాప ఎప్పటిలాగే వెనక సీట్లో, సరిగ్గా ఆ చక్రం పైనే, నిద్రపోయింది. ఇన్నాళ్లూ ఆ కోత మీదే నిద్రపోయింది కదా. మమ్మల్ని ఎవరు కాచారో...