మెడముక్క మీద అనుమానం

టిటీ, పాటల సాధన ఉంది, చర్చికి ముందే వెళ్తున్నాను. అన్నం, కోడికూర వేడిగా ఉండగానే ఇరుగుపొరుగుకు పంచెయ్యి. మొదటి గిన్నె అల్హాజా రిస్కాత్ గారింటికి. వాళ్ళ బక్రీదు పండక్కి మనకు పొట్టేలు మాంసం పంపడం ఆమె ఏనాడూ మరవలేదు. హర్మతాన్ గాలి దుమ్ము లేపుతోంది, మూతలు గట్టిగా పెట్టు.

ఒక్క విషయంలో మాత్రం నీ మీద అనుమానంగా ఉంది. ప్రతి క్రిస్మస్‌కీ మంచి ముక్కలన్నీ పంచేసి, "నాకు మెడముక్కే ఇష్టం నాన్నా" అంటావు. నిన్న ఆ మాట అంటున్నప్పుడు నా ముఖం చూడలేదు. మీ అమ్మ కూడా ఇరవై ఆరేళ్ళు అదే మాట చెప్పింది, నేను నమ్మాను. ఆమె పోయాక మీ రాంతీ పిన్ని నాతో అంది: "మెడముక్కా? మా అక్కకా? చిన్నప్పుడు అది వడ్డిస్తే కంచం వదిలి లేచిపోయేది బావా. తొడముక్క నీకు పెట్టాలంటే ఏదో ఒకటి చెప్పాలి కదా."

పొయ్యి పక్క అరలో, నీలం గిన్నెలో ఒక తొడముక్క దాచాను. అది నీది. నేను వచ్చేసరికి నాకు ఎముక చూపించాలి.

నాన్న

ఎవరైనా చెప్పకుండా భోజనానికి వస్తే నా వాటా పెట్టు, నీది కాదు.